శాంతి సంఘం పండుగ ముందురోజుకే పరిమితమా?

(సూర్యాపేట సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పీస్ కమిటీ అనగానే నేడు మనకు గుర్తుకు వచ్చేవి పోలీస్ స్టేషన్‌లో వేసిన కుర్చీలే. నిమజ్జనానికో, మిలాద్ జులూస్‌కో రెండు రోజుల ముందు కబురు వస్తుంది. పెద్దమనుషులు వెళతారు, టీ తాగుతారు, సహకరిస్తామని సంతకం చేసి వస్తారు. గుమాస్తాగా అటువంటి తీర్మానాలు ఎన్నో రాసినవాణ్ణి. వాటి ఆయుష్షు ఎంతో నాకు తెలుసు. ఆ సమావేశాలు వద్దనడం లేదు. కానీ అధికారులు పిలిస్తేనే కూడే సంఘం ప్రజల సంఘం కాజాలదు.

1948లో పోలీసు చర్య తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ముస్లింలపై జరిగిన హింసను పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం పరిశీలించింది. ఆ ఘోరాలను నమోదు చేసిన నివేదికే మరొక సత్యాన్నీ నమోదు చేసింది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారిని కాపాడారు. అందుకు ప్రాణాలే మూల్యంగా చెల్లించినవారూ ఉన్నారు. వారిని ఏ కమిటీ పిలిచింది? మగ్గాల వద్ద ఏళ్ల తరబడి పెనవేసుకున్న బంధమే ఆనాడు అడ్డు నిలిచింది.

ఆ బంధమే నేడు పలచబడుతోంది. పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు అన్ని మతాలవారూ ఇప్పటికీ వస్తున్నారు. ఆచారాలపై మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. ఆ కలయిక విలువను మాత్రం కాదనలేము. అయితే ఏడాదికొక్క కలయిక చాలదు. మన పిల్లలకు పక్కింటి కుర్రవాడికంటే ఫోన్‌లో వచ్చే అపరిచితుడి మాటే నమ్మదగినదిగా తోస్తోంది. అసలు ప్రమాదం అక్కడుంది.

శాంతి అంటే అన్యాయాన్ని మౌనంగా భరించడం కాదు. మక్కాలో ఒక పరదేశి వర్తకుడి సరుకు తీసుకుని సొమ్ము ఎగవేసినప్పుడు, కొందరు పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట చేరి బాధితుడి పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. దైవప్రవక్త (స) యౌవనంలో అందులో పాల్గొన్నారు. ప్రవక్త అయిన తర్వాత కూడా ఆ ఒప్పందాన్ని ప్రశంసించారు. న్యాయం కోసం ఇతరులతో చేతులు కలపడం మనకు కొత్త కాదు.

2023 సెప్టెంబరు 28న మిలాద్, నిమజ్జనం ఒకే రోజు వచ్చినప్పుడు హైదరాబాద్‌లో జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నారు. అది లొంగుబాటు కాదు, వివేకం. అటువంటి వివేకం ప్రతి వాడకట్టులోనూ పెరగాలి.

కనుక నా మనవి ఇది. ఒక్కొక్క వార్డులో పదిమందిమి, అన్ని మతాలవారము, సగం మంది మహిళలతో, నెలకొకసారి కూర్చుందాము. మురుగుకాలువ గురించి, రేషన్ గురించి, మిర్యాలగూడ రైస్ మిల్లుల హమాలీల కూలి గురించి మాట్లాడుకుందాము. ఎవరికి అన్యాయం జరిగినా ఫిర్యాదుపై అందరమూ సంతకం చేద్దాము. రెచ్చగొట్టే సందేశం వస్తే, ఇతరులకు పంపేముందు ఆ పదిమందిలో ఒకరికి ఫోన్ చేసి నిజం తెలుసుకుందాము.

మొదటి సమావేశానికి ముహూర్తం ఏదంటారా? ఏ పండుగా లేని ఆదివారం. వస్సలామ్.