కాలువలోని ఆల్చిప్ప

వేసవిలో కృష్ణా కాలువలు కట్టివేసినప్పుడు బురదలో బయటపడు నల్లని ఆల్చిప్పను డెల్టా వాసులెల్లరు ఎరుగుదురు. దానిని రాతిపై అరగదీసి, నడుమ రంధ్రము చేసి, మామిడికాయ చెక్కు తీయుటకు వాడుట మన పెద్దలనాటి అలవాటు. ఇంత పరిచితమైన ఈ జీవి ఎక్కడనుండి వచ్చినది, దాని జ్ఞాతులెవ్వరు అను ప్రశ్నలకు మాత్రము శాస్త్రజ్ఞులు నేటికిని తుది సమాధానము చెప్పజాలకున్నారు. ఆ చిక్కేమో మనమీనాడు కొంత విచారింతము.

రెండు చిప్పల జీవులు 50 కోట్ల సంవత్సరములకు పూర్వమే సముద్రములలో నుండెనని శిలలలోని అవశేషములు తెలుపుచున్నవి. వీనికి వంశక్రమము కట్టుటకు 1883లో న్యూమైర్ చిప్పలు కలియు చోటనుండు కీలు పండ్లను ప్రమాణముగా గైకొనెను. 1889లో పెల్సెనీర్ మొప్పల నిర్మాణమును గైకొనెను. ఒక కొలతతో దాయాదులైనవి రెండవ కొలతతో దూరపు చుట్టములైనవి. పై రూపమునైనను నమ్మరాదు. రేవులలో పడవ కొయ్యను తొలుచు పొడవైన పురుగు నిజమునకు పురుగు కాదు. తన చిన్న చిప్పలనే తొలుచు పనిముట్టుగా మార్చుకొన్న ఆల్చిప్పల చుట్టమే.

మన కాలువలలోని ఆల్చిప్పకు శాస్త్రజ్ఞులిడిన పేరు లామెల్లిడెన్స్. నీటి వడిని బట్టి, అడుగు నేలను బట్టి దీని చిప్ప ఆకారము మారును. కావున పూర్వులు వేర్వేరు పేర్లిడినవి నిజముగా వేర్వేరు జాతులా, ఒకే జాతియందలి రూపభేదములా అను వివాదము కలిగినది. ఎన్. వి. సుబ్బారావు గారు 1989లో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ ప్రచురించిన తమ గ్రంథమున మన దేశపు మంచినీటి మృదుకాయ జీవులను ఒకచోట వర్ణించిరి. ఆ తరువాత జన్యు పరీక్షలు మరియొక వింత తెలిపినవి: మన ఆల్చిప్పలును, ఆఫ్రికా నదులలోని కొన్నియును ఒకే ఉపకుటుంబమునకు చెందినవి!

ఇది ఎట్లు సంభవించెను? ఈ జీవి సముద్రపుటుప్పును ఓర్వజాలదు. దాని పిల్ల చేపల మొప్పలనో రెక్కలనో పట్టుకొని కొన్ని దినములు గడిపి, పిమ్మట జారి అడుగున స్థిరపడును. చేప పోయినంత దూరమే దాని ప్రయాణము. భారతభూమి ఆఫ్రికానుండి విడివడి వచ్చినప్పుడే ఈ వంశమును తనతో తెచ్చినదని ఒక వాదము. చాల కాలము పిమ్మట ఆసియా మీదుగా, ఒక నదినుండి మరియొక నదికి వ్యాపించినదని మరియొక వాదము. తీర్పు ఇంకను రాలేదు.

ఈ వివాదము పండితులకే పరిమితము కాదు. ఆల్చిప్ప నీటిని లోనికి పీల్చి, అందలి సూక్ష్మకణములను తిని, తేటనీటిని వెలికి విడుచును. తగిన చేప కరవైనచో పెద్ద చిప్పలు కొన్నియేండ్లు బ్రతికియున్నను వంశము నిలువదు. చూచువారికి ఆ లోటు తెలియనే తెలియదు. మనము ఒకే జాతి అనుకొన్నది నిజముగా రెండైనచో, అందొకటి పేరైనను లేకయే మన కన్నులయెదుట నశింపవచ్చును. దానితో కోట్ల యేండ్ల చరిత్రకు ఒక సాక్ష్యమును పోవును. కావున కాలువ కట్టిననాడు పిల్లలు ఖాళీ చిప్పలను ఏరుకొనవచ్చును. గట్టిగా మూసికొనియున్న చిప్పను మాత్రము నీరున్న చోట తిరిగి విడుచుట మేలు.