సివిల్ ఇంజనీరింగు చదువు: ఒక అన్న చూసినంత మట్టుకు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పిల్లలను ఇంజనీరింగులో చేర్పించదలచిన వారికోసం నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను నిలబెట్టారు. నేను ఇంజనీరును కాను. మెట్రిక్ దాటనివాణ్ణి, హుబ్బళ్ళిలో రైల్వే గుమాస్తాను. అయితే నా తమ్ముడు 2013లో సివిల్ ఇంజనీరింగులో చేరి 2018లో బయటపడ్డాడు. నాలుగేండ్ల చదువుకు అయిదేండ్లు ఎందుకు పట్టిందో చెబితే తక్కినదంతా అందులోనే వస్తుంది.

మా నాన్నగారు గ్యాంగ్‌మన్. 2008లో ఆయన పోయాక నాకు రైల్వేలో పని ఇచ్చారు. తరువాత శాఖా పరీక్ష వ్రాసి గుమాస్తానైనాను. తమ్ముడికి ఇంట్లో తెలుగు, పదవ తరగతి దాకా బడిలో కన్నడం. కాలేజీలో అంతా ఇంగ్లీషు. పోనీ వంతెనలూ ఆనకట్టలూ నేర్పుతారనుకున్నాడా, మొదటి ఏడు వాటి ఊసే లేదు. గణితం, భౌతికం, రసాయనం, మెకానిక్సు, డ్రాయింగు. శంకువును ఏటవాలుగా కోస్తే పైనుంచి ఎలా కనబడుతుంది, ఎదుటినుంచి ఎలా కనబడుతుంది, అది గీయాలి. సెలవుల్లో వచ్చినప్పుడు రాత్రి పన్నెండు దాకా నేలమీద బోర్డు పరచుకొని గీసేవాడు. గీత ఒకటి తప్పితే కాగితమంతా మళ్ళీ మొదలు.

గణితంలో తప్పాడు. మెకానిక్సులో తప్పాడు. తప్పిన పేపర్లు పేరుకుపోయి ఒక ఏడాది ఆగిపోవలసి వచ్చింది. పెట్టె పట్టుకొని ఇంటికి వచ్చి, "అన్నయ్యా, నేనిక వెళ్ళను. నీలాగే పరీక్ష వ్రాసి రైల్వేలో చేరతాను" అన్నాడు. నాకు కోపం వచ్చింది. "నాన్న ప్రాణం పోతే వచ్చిన డబ్బురా అది" అన్నాను. ఆ మాట అనకూడదు. అన్నాను. వాడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. అమ్మ నాతో మాట్లాడలేదు.

ఆ ఏడు వాడు ఇంట్లోనే ఉండి పాత లెక్కలు మొదటినుంచి చేశాడు. సాయంకాలాలు నాన్నగారితో పనిచేసి రిటైరయిన మేట్‌గారి అరుగుమీద కూర్చునేవాడు. పట్టాకు చెంప ఆనించినంతగా వంగి, ఒక కన్ను మూసి, దూరంగా ఏ అతుకు దగ్గర పట్టా కుంగిందో నాన్న చెప్పేవారట. ఆ సంగతి ఇంట్లో మాకెవరికీ తెలియదు.

మరుసటి ఏడు సర్వే పాఠం వచ్చింది. డంపీ లెవెల్ అనే దుర్బిణిని మట్టంగా నిలిపి, దూరాన అంకెలున్న కర్రను చూసి ఎత్తుపల్లాలు తీస్తారు. తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి అంకె సరిపోయిందో లేదో చూసుకోవాలి. వీడి జట్టుకు 40 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. ఎండలో మళ్ళీ మొదటినుంచి నడిచారు. ఆ రాత్రి ఫోనులో, "అన్నయ్యా, నాన్న వట్టి కంటితో చూసినదాన్నే మేము గాజులోంచి చూస్తున్నాము" అన్నాడు. కాలేజీ వదిలేస్తానని తరువాత అనలేదు.

మట్టిని గురించి ఒక పాఠం ఉంది. టెర్జాగీ అనే ఇంజనీరు 1925లో దానికి పునాది గ్రంథం వ్రాశాడు. మట్టి రేణువుల నడుమ సందుల్లో నిండిన నీరు బరువులో కొంత తాను మోస్తే, రేణువులు ఒకదానినొకటి అదుముకొనే బలం తగ్గి నేల మెత్తబడుతుందట. వానలకు ముందు నాన్నగారు పట్టాల పక్క కాలువలు ఎందుకు తీసేవారో నాకప్పుడు తెలిసింది. పై అధికారి చెప్పాడు గనుక తీస్తున్నారనుకొనేవాణ్ణి.

కాంక్రీటు పాఠం మన ఆడవారికి బాగా అర్థమవుతుంది. 150 మిల్లీమీటర్ల దిమ్మెలు పోసి, పచ్చడి జాడీల మీద వ్రాసినట్లు తేదీ వ్రాసి, నీళ్ళలో ఊరవేస్తారు. 7వ రోజున కొన్ని, 28వ రోజున కొన్ని యంత్రంలో పగలగొట్టి బలం చూస్తారు. నీళ్ళు ఎక్కువ కలిపితే పోయడం సులువు, బలం తక్కువ. ఇల్లు కట్టించుకొనేవారు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకొంటే చాలు, మేస్త్రీ ఎలాగూ వినడు!

విశ్వేశ్వరయ్యగారిని ప్రతి సభలోను మనవాడని చెప్పుకొంటాము. పూర్వులు మోక్షగుండంవారే, కాదనను. 1908 మూసీ వరద తరువాత హైదరాబాదుకు చేసిన మేలూ ఉంది. తమ్ముడికి మాత్రం బెంగుళూరులో ఆయన పిల్లలకు పాఠాలు చెప్పుకొని చదువుకున్నాడన్న సంగతే ఎక్కువ నచ్చింది. చివరి రెండేండ్లు వాడూ అలాగే హాస్టలు ఖర్చులో సగం తెచ్చుకొన్నాడు.

చివరగా సర్వే క్యాంపు. ఒక పల్లెలో రెండు వారాలుండి కొత్త చెరువుకు కొలతలు తీయాలి. ఎంత నేలమీద పడ్డ వాన అక్కడికి చేరుతుంది, కట్ట ఎటుగా పోవాలి, ఎంత ఎత్తు వేస్తే ఎంత నీరు నిలుస్తుంది, ఎక్కువైన నీరు ఎటు పోవాలి. ఒకరోజు అమ్మకు ఫోను చేసి, "చెరువు నిండితే నీళ్ళు పొర్లిపోయే చోటును తెలుగులో ఏమంటారమ్మా?" అని అడిగాడు. మా అమ్మ పుట్టిల్లు అనంతపురం జిల్లా. "అలుగురా. పొలానికి నీళ్ళు వదిలేది తూము. ఇది కూడా తెలియకుండా ఏం చదువుతున్నావు?" అంది.

ఇప్పుడు వాడు ఒక గుత్తేదారు దగ్గర వంతెన పనిమీద ఉన్నాడు. మొదటి జీతం నా జీతంలో సగమైనా లేదు. ఎండ ఉంది, ఊరూరు తిరుగుడు ఉంది. పిల్లవాణ్ణి చేర్పించే ముందు ఇదికూడా చెప్పి చేర్పించండి.

ఆ క్యాంపులో గీసిన చెరువు పటం అమ్మ ఇనుప పెట్టెలో దాచింది. ఇవాళ అడిగి తెచ్చాను. అలుగు దగ్గర పెన్సిలుతో తెలుగులో వ్రాసిన మాట కూడా ఉంది. భోజనాల తరువాత చూడదలచినవారు నా దగ్గరికి రండి.