జారుత్రోవలో చేయూత



స్నేహధర్మమును గూర్చి మన పురాణములు చెప్పినది మీరెఱుగుదురు. నేడు ఆ విషయమునే ఒక కథోలిక గురువు ఎట్లు విచారించెనో మనవి చేసెదను. ఆయన పేరు ఫ్రాన్సిస్ డి సేల్స్. 1567వ సంవత్సరమున ఆల్ప్స్ పర్వతప్రాంతమైన సావోయ్ దేశమున జన్మించి, 1593లో గురువుగా అభిషిక్తుడై, 1602లో జెనీవాకు బిషప్పు ఆయెను. ఆ నగరము ప్రొటెస్టంటుల వశమున నుండుటచే ఆన్సీ పట్టణమున నివసించెను. 1838లో ఆ ఆన్సీలోనే ఆయన పేర వెలసిన గురుసంఘమువారు 1846లో విశాఖపట్టణమునకు వచ్చిరి. కావున ఆయన నామము ఆంధ్రదేశమునకు క్రొత్త కాదు.

తన బంధువర్గములోని యొక గృహిణికి వ్రాసిన లేఖలను ఆధారముగా గొని ఆయన 1609లో ఒక గ్రంథమును ప్రకటించెను. భక్తి సన్న్యాసులకే చెందిన సొత్తు కాదనియు, సైనికుడును పనివాడును ఇల్లాలును తమ తమ పనులలో నుండియే దానిని సాధింపవచ్చుననియు అందలి సారము. తలనొప్పి వచ్చినను, ఇంట నొక పాత్ర పగిలినను ఓర్చుకొనుట దేవునికి అర్పింపదగిన కానుకయే యని ఆయన భావము.

ఇక స్నేహము. మఠవాసులు చదునైన బాటను నడచువారు. వారికి ప్రత్యేకముగా నొకరి ఊత అక్కఱలేదు. సంసారులో, జారుడు కొండత్రోవను పోవువారు. ఒకరి చేయి నొకరు పట్టుకొననిచో పడుదురు. కావున గృహస్థునకు సన్మిత్రుడు అవసరమని ఆయన బోధించెను. మఱియు, ఇసుకనుండి బంగారము తీయువాడు ఇసుకను ఒడ్డుననే విడిచినట్లు, మిత్రుని గుణమును గ్రహించి దోషమును విడువవలెననెను.

ఈ మాట చదివినప్పుడు నాకు కర్ణుడు తోచును. దుర్యోధనుడు అంగరాజ్యమిచ్చి నిండుసభలో అతని మానము నిలిపెను. ఆ కృతజ్ఞత బంగారమే. కాని ద్రౌపదికి అవమానము జరుగునపుడు కర్ణుడు మిత్రుని వారింపక తానును పరుషములాడెను. అది ఇసుక. రెంటిని ఒక్క మూట గట్టుటచే ఇరువురును చెడిరి.

మన గ్రామములలోను పొలముగట్టు తగవు వచ్చినప్పుడు మిత్రుని కొఱకు అబద్ధసాక్ష్యము చెప్పుటయే స్నేహమని తలచువారు కలరు. అతడు గట్టు జరిపినాడని తెలిసియు రచ్చబండపై మౌనము వహించిన పెద్దమనిషి అతనికి చేయూత ఇచ్చినవాడా, పల్లమునకు త్రోసినవాడా? పదిమంది యెదుట గాక, వాని యింటి అరుగుమీద ఏకాంతమున, “బావా, ఇది నీకు తగదు” అని చెప్పవలెను. అతడు కోపించి కొన్నాళ్లు మాటలాడకపోవచ్చును. పగిలిన పాత్రకు ఓర్చుకొనినట్లే దీనికిని ఓర్చుకొనవలెను. అతడు తిరిగి వచ్చునాటికి మన వాకిలి తెఱచి యుండవలెను.

మతములు వేఱైనను జారుత్రోవ అందఱకు నొక్కటియే.