మూడవ తీగ



ప్లాటినం జూబిలీ సభలో భాషాభిమానాన్ని గురించి, గురుశిష్య సంబంధాన్ని గురించి ప్రసంగాలు జరగటం సహజం. ఈ ప్రసంగ విషయం మాత్రం గోడమీది ప్లగ్గు సాకెట్టులో పైన కనిపించే పెద్ద రంధ్రం. డెబ్బయి అయిదేళ్ల నాటి పాఠశాల భవనాలలో విద్యుత్తు ఉంటే గదికొక దీపం ఉండేది. తరువాత ఫ్యానులు వచ్చినవి, బోరుబావికి మోటారు వచ్చింది, కంప్యూటర్ల గది వచ్చింది, వరండాలో స్టీలు వాటర్‌కూలరు వచ్చింది. వచ్చిన ప్రతి యంత్రానికీ తీగలు లాగారు. ఎర్తు గుంత మాత్రం చాలాచోట్ల మొదటినాటిదే. చెప్పులు విడిచి, తడిచేతులతో ఆ కూలరును తాకేది చిన్నపిల్లలు కనుక ఈ విషయం తల్లిదండ్రులున్న సభలోనే చెప్పుకోదగినది.

ఫేజు తీగ తెగితే ఫ్యాను ఆగుతుంది. న్యూట్రల్ తీగ తెగినా ఆగుతుంది. వెంటనే ఎవరో ఒకరు ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు. ఎర్తు తీగ తెగితే ఏదీ ఆగదు. దీపం వెలుగుతూనే ఉంటుంది, నీళ్లు చల్లబడుతూనే ఉంటాయి. ఏ సంకేతమూ లేకుండా పాడయ్యే భాగం విద్యుత్ వ్యవస్థలో ఇదే. అందువల్లనే మూడు ఫేజుల మోటారు చట్రానికి రెండు వేర్వేరు ఎర్తు తీగలు ఉండాలని 1956 నాటి భారత విద్యుత్ నియమావళి విధించింది. దాని స్థానంలో 2010లోను, తిరిగి 2023లోను వచ్చిన భద్రతా నిబంధనలు కూడా ఈ విధిని నిలబెట్టినవి. షోలాపూరులో తరతరాలుగా స్థిరపడిన తెలుగు పద్మశాలీల మరమగ్గాల షెడ్లలో ఈ నియమం విలువ సులభంగా బోధపడుతుంది. మగ్గం ఇనుము, మోటారు ఇనుము, పనివాని చేయి రోజంతా ఆ ఇనుము మీదనే. ఒక ఎర్తు తెగిన సంగతి తెలియకపోయినా రెండవది కాపాడాలి.

మనిషిని చంపేది శరీరం గుండా పోయే ప్రవాహం. 1 మిల్లీ ఆంపియరు ప్రవహిస్తే చేయి చురుక్కుమంటుంది. 10 మిల్లీ ఆంపియర్ల దగ్గర కండరాలు బిగుసుకొని, పట్టుకున్న వస్తువును విడువలేని స్థితి వస్తుంది. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్లెస్ డాల్జీల్ ఈ ‘విడువలేని ప్రవాహం’ మీదనే సుదీర్ఘ పరిశోధన చేశాడు. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు నిలిచిన ప్రవాహం గుండె లయను చెదరగొట్టే ప్రమాదం ఉన్నది. తడిసిన శరీర నిరోధాన్ని సుమారు 1,000 ఓమ్‌లుగా తీసుకుంటే, 230 వోల్టులకు 230 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. ఇది ఎనిమిదవ తరగతి లెక్క.

ఇక ఎర్తింగ్ పనిచేసే తీరు. భూమి విద్యుత్తును తాగివేస్తుందని సామాన్యంగా నమ్ముతారు. అది పొరపాటు. ట్రాన్స్‌ఫార్మరు నుండి బయలుదేరిన ప్రవాహం తిరిగి ఆ ట్రాన్స్‌ఫార్మరు న్యూట్రల్‌ను చేరవలసినదే. నేల దానికి ఒక దారి మాత్రమే. దారి సుగమంగా ఉంటే భారీ ప్రవాహం పోయి ఫ్యూజు ఎగిరిపోతుంది. దారి దుర్గమంగా ఉంటే ఏమి జరుగుతుందో ఒక లెక్క వేసి చూడవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు నిరోధం 5 ఓమ్‌లు, ఎండాకాలంలో పాఠశాల గుంత నిరోధం 20 ఓమ్‌లు అనుకుందాము. కూలరు లోపల ఫేజు తీగ తొడుగు చెడి స్టీలు పెట్టెను తాకింది. 230ని 25తో భాగిస్తే ప్రవాహం 9.2 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానిని మామూలు లోడుగానే భావించి కదలదు. ఆ పెట్టె మీద నిలిచేది 9.2ను 20తో గుణించగా వచ్చే 184 వోల్టులు. ఎర్తు తీగ ఉన్నది, గుంత ఉన్నది, ఎంసీబీ ఉన్నది. అయినా కూలరు ప్రాణాంతకంగా నిలబడి ఉన్నది.

దీనికి తోడు బల్బు పరీక్ష అనే ఆచారమొకటి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 100 వాట్ల బల్బు పెట్టి, అది వెలిగితే ‘ఎర్తు బ్రహ్మాండంగా ఉన్నది’ అని చెప్పి వెళతారు. ఆ బల్బు వెలుగుతున్నప్పటి నిరోధమే 500 ఓమ్‌లకు పైన. గుంతలో మరి 20 ఓమ్‌లున్నా, 50 ఉన్నా వెలుగులో కంటికి తెలిసే తేడా ఉండదు. ఎర్త్ టెస్టరుతో కొలిచిన సంఖ్యనే నమ్మాలి.

నేల అన్నిచోట్ల ఒక్కటి కాదు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాంలో ఒండ్రుమట్టి తేమగా ఉంటుంది గనుక నిరోధం తగ్గటం సులభం. కాని సముద్రపుగాలి ఇనుప పట్టీని, బోల్టులను తినివేస్తుంది. షోలాపూరు నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి గొట్టానికీ మట్టికీ ఎడం కల్పిస్తుంది. హోసూరు వైపు రాతినేలలో గొయ్యి తవ్వటమే కష్టం. ఐ.ఎస్. 3043 అనే భారతీయ ప్రమాణం గాల్వనైజ్డ్ గొట్టానికి రెండున్నర మీటర్ల పొడవు చెబుతున్నది. చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, ఎండాకాలంలో నీళ్లు పోయటం పాత పద్ధతి. ఉప్పు నిరోధాన్ని తగ్గిస్తుంది, కొన్నేళ్లకు గొట్టాన్నీ తుప్పు పట్టిస్తుంది. ఒక గుంత చాలనిచోట తగినంత ఎడంగా రెండవది, మూడవది తవ్వి కలపటమే మార్గం.

ఎర్తింగుకు తోబుట్టువు బాండింగ్. హైటెన్షన్ తీగ మీద పిచ్చుక హాయిగా కూర్చుంటుంది. దాని రెండు కాళ్లూ ఒకే పొటెన్షియల్ మీద ఉంటాయి, భేదం లేనిచోట ప్రవాహం లేదు. బాండింగ్ చేసేది ఇదే. చేతికందే లోహాలన్నింటినీ, అంటే నీటిగొట్టం, బోరు కేసింగు, ఇనుప గ్రిల్లు, కూలరు పెట్టె, మోటారు చట్రం, వీటిని దళసరి తీగతో కలిపి ఎర్తు బస్‌బారుకు బిగించటం. అప్పుడు లోపం ఏర్పడినా, ఒక చేత కుళాయి, మరొక చేత కూలరు పట్టుకున్న పిల్లవాడి రెండు చేతుల మధ్య భేదం అత్యల్పంగా ఉంటుంది. ఈ పని చాలా భవనాలలో అసలు జరగనే లేదు. ఖర్చు కొన్ని మీటర్ల తీగ, కొన్ని క్లాంపులు. ఇంటి స్నానాల గదిలో గీజరుకూ లోహపు గొట్టాలకూ ఇదే వర్తిస్తుంది.

ఇళ్లలో జరిగే అపచారాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. సాకెట్టు పైరంధ్రంలో పెన్నుగాని పెన్సిలుగాని గుచ్చి, లోపలి తలుపు తెరచి, టూపిన్ ప్లగ్గును దూరుస్తారు. మూడవ పిన్ను పొడవుగా పెట్టినది మిగిలిన రెండింటికన్న ముందు తగిలి, వెనుక విడివడటానికి. లావుగా పెట్టినది పొరపాటున ఫేజు రంధ్రంలో దూరకుండటానికి. దానిని కోసి పారవేస్తారు. ఇంతకన్న ఘోరం మరొకటి. ఎర్తు తీగ లేని ఇంట్లో సాకెట్టు వెనుక న్యూట్రల్‌ను, ఎర్తును చిన్న తీగతో కలిపివేస్తారు. అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఎక్కడో న్యూట్రల్ తెగిననాడు ఫ్రిజ్ ఒంటిమీదికి, తడిపిండి రుబ్బుతున్న గ్రైండరు మీదికి మొత్తం 230 వోల్టులూ వస్తాయి. సర్వీసు తీగను ఆనుకొని పోయే బట్టలారవేసే ఇనుప తీగను కూడా ఈ కోవలోనే చేర్చాలి. దానిని తీసివేసి నైలాను తాడు కట్టుకోవటానికి ఏ నిబంధనా అక్కరలేదు.

గుంత నిరోధం ఎంత శ్రమించినా దిగిరాని నేలలకు ఆర్.సీ.సీ.బీ. అనే పరికరం వరప్రసాదం. ఫేజులో వెళ్లిన ప్రవాహాన్ని, న్యూట్రల్‌లో తిరిగి వచ్చినదానిని అది నిరంతరం పోల్చి చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడితే 0.3 సెకనులోపల సరఫరా నిలిపివేస్తుంది. పైలెక్కలోని 9.2 ఆంపియర్లు దానికి సుమారు 300 రెట్లు. ఎంసీబీ కదలని చోట ఇది క్షణంలో పడిపోతుంది. అయితే దీనిని పెట్టి ఎర్తును మరచిపోరాదు. ఎర్తు ఉంటే, లోపం ఏర్పడిన క్షణానే, ఎవరూ తాకకముందే పడుతుంది. ఎర్తు లేకుంటే పిల్లవాడు తాకిన తరువాత, ఆ దెబ్బ వాడి శరీరం గుండా పోతుండగా పడుతుంది. ఫేజును ఒక చేత, న్యూట్రల్‌ను మరొక చేత పట్టుకున్నవానిని అది గుర్తించనే లేదు.

ఆ పరికరం మీద ‘టి’ అక్షరమున్న చిన్న మీట ఉంటుంది. నొక్కితే పడిపోవాలి, పడకపోతే మార్చాలి. ప్రతి నెల మొదటి పనిదినాన, ప్రార్థన ముగియగానే, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుని ఎదుట ఒక విద్యార్థి చేత నొక్కించవచ్చు. కాని ఆ మీట పరీక్షించేది పరికరాన్నే, ఎర్తు గుంతను కాదు. గుంతను వేసవి సెలవులలో, నేల బాగా ఎండి ఉన్న రోజున, టెస్టరుతో కొలిపించాలి. వచ్చిన ఓమ్‌ల సంఖ్యను తేదీతో సహా మెయిన్ బోర్డు తలుపు లోపలివైపు రంగుతో రాయించాలి. మరుసటి ఏడు కొత్త సంఖ్యను దాని కిందనే రాయాలి, పాతది చెరపరాదు.