ఆధిపత్యము చేతులు మాఱిన దినములు
(గుంటూరు మండలమున నొక పఠనాలయములో మేము చేసిన ప్రసంగము)



పత్రిక రాగానే యుద్ధవార్తను ముందు చదివి, ప్రత్తిధరను పిమ్మట చూచుట మన యలవాటు. ఈ రెండును ఒకే వార్త యని మనవి చేయుటకే మేము నేడు మీ యెదుట నిలిచితిమి.

లోకమంతయు నొకే యార్థికవ్యవస్థ యనియు, నడుమ నున్నవారు ధర కట్టుదురనియు, అంచున నున్నవారు ముడిసరకు పండింతురనియు వాలర్‌స్టీన్ అను అమెరికా పండితుడు 1974 మొదలు వాదించెను. 1618-48, 1792-1815, 1914-45 నాటి మహాయుద్ధములు ముగియుసరికి ప్రాబల్యము వరుసగా డచ్చివారికి, ఆంగ్లేయులకు, అమెరికావారికి దక్కినదని ఆయన లెక్క.

దీనిని సరిచూచుటకు దూరము పోనక్కరలేదు. మన నిజాంపట్టణమున 1606లో డచ్చివారు కోఠీ పెట్టిరి. 1611లో ఆంగ్లేయుల గ్లోబు ఓడ ఆ రేవునకే వచ్చెను. చిరివేరుతో ఎఱ్ఱరంగు వేసిన మన బట్టలను తూర్పుదీవులకు గొనిపోయి సుగంధద్రవ్యములకు మార్చుకొనిరి. నాడు మన మమ్మినది బట్ట. 1861-65లో అమెరికా అంతర్యుద్ధమువలన లాంకషైరు మరలకు దూది కఱవైనప్పుడు వారు మననుండి కోరినది దూది మాత్రమే. యుద్ధము ముగిసెను, ధర కూలెను.

అయినను ఆధిపత్యము చేతులు మాఱు తీరు 1939-45 యుద్ధమున కంటికి కట్టినట్లు కనబడును. న్యాయవాదుల మగుటచే మాకు పత్రములపై కొంత పిచ్చి కలదు. ఈ వ్యవహారమును ప్రామిసరీనోటును చదివినట్లే చదివితిమి. బ్రిటను యుద్ధమునకై ఇచ్చట సరకులు కొని, మూల్యమును లండనులో పౌనులుగా జమకట్టెను. ఆ జమను చూపి రిజర్వుబ్యాంకు ఇచ్చట నోట్లు విడుదల చేసెను. నోట్లతో ధరలును పెరిగెను. బట్టకును కిరసనాయిలునకును కటకటయయ్యెను. 1943లో వంగదేశమున లక్షలాది జనులు అన్నములేక మరణించిరి. యుద్ధాంతమునకు బ్రిటను మనకు పడిన బాకీ సుమారు 130 కోట్ల పౌనులు. అప్పులదేశ మప్పిచ్చిన దేశమయ్యెను!

అమెరికాయు అప్పిచ్చినదే. 1946లో 375 కోట్ల డాలర్లిచ్చుచు, ఏడాదిలోగా పౌనును డాలరులోనికి మార్చుకొననీయవలెనని షరతు వ్రాయించుకొనెను. 1947 జూలైలో బ్రిటను దానిని పాటించి, ఐదువారములలో చేతులెత్తెను. మనమో, 1944లో బ్రెటన్‌వుడ్సు సభలో మన బాకీమాట యెత్తగా, అది మీరును మేమును తేల్చుకొనవలసినదని బ్రిటను త్రోసిపుచ్చెను. మన సొమ్ము వాయిదాలపై వచ్చెను. 1949లో పౌను విలువను 30 శాతము తగ్గింపగా, బాకీ డాలరు లెక్కన మఱింత కరగెను. ఋణస్థు డొక్కడే, ఒక ఋణదాతకు షరతు, మఱియొకనికి వాయిదా. ఆధిపత్యమునకు మా కింతకు మించిన నిర్వచనము దొరకలేదు.

2025 ఆగస్టులో అమెరికా మన సరకులు పెక్కింటిపై సుంకమును 50 శాతమునకు పెంచెను. ఆ మాసముననే మన ప్రభుత్వము, బట్టలమిల్లులకు దూది చౌకయగుటకై, దిగుమతి ప్రత్తిపై నున్న 11 శాతము సుంకమును తీసివేసెను. తొలుత సెప్టెంబరు కడవఱ కనిరి, పిమ్మట డిసెంబరు కడవఱకు పొడిగించిరి. మన చేలలో ప్రత్తి తీయు మాసము లవియే. మీ యిండ్ల నాటి తూకపుచీటీ లున్నచో వచ్చు ఆదివార మిచ్చటికి తెండు. అమ్మిన ధరను, మద్దతుధరను ప్రక్కప్రక్కన వ్రాసి చూతము.