ఊరి బడి కూడా రైతు సంఘం పనే

(మండల రైతు సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎజెండా కాగితంలో నా పేరు ఎదురుగా ‘ఊరి బడి’ అని రాసి ఉండటం చూసి, పొద్దున టీ తాగే దగ్గర ఒక తమ్ముడు అడిగాడు. ‘‘ఏందన్నా, యూరియా కోసం లైన్ల నిలబడి చస్తుంటే నువ్వు బడి గురించి మాట్లాడుతవా?’’ అని. యూరియా గురించి మన కార్యదర్శి చెప్పారు, నేను మళ్ళీ చెప్పేది లేదు. బడి గురించి మాత్రం మన సంఘం ఇన్నేళ్ళలో ఒక్క మీటింగులో కూడా మాట్లాడలేదు. మాట్లాడకపోవడం వల్ల ఏం పోగొట్టుకున్నామో చెప్తాను.

మాది నడిగడ్డ. కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న నేల. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో ఒకప్పుడు తొంభై మందికి పైగా పిల్లలు ఉండేవాళ్ళు. పోయిన ఏడాది జూన్‌లో బడిబాట నాటికి 23 మంది మిగిలారు. అయిదు తరగతులకూ కలిపి ఒక్కరే సారు. ఆయన ఆఫీసు పని మీద మండలానికి పోతే బడికి తాళమే. సారు ఒకరోజు నా దగ్గరికి వచ్చి, ‘‘ఇంకో రెండేళ్ళు ఇట్లనే తగ్గుకుంట పోతే ఈ బడి ఉండదు. తర్వాత మీరు ఎన్ని ధర్నాలు చేసినా తిరిగి రాదు’’ అన్నాడు.

ఆ మాట పట్టుకుని మా గ్రామ శాఖ సభ్యులం ఆరుగురం, మహిళా సంఘం అక్కలు నలుగురు ఒక నోటుబుక్కు తీసుకుని మూడు సాయంత్రాలు ఇంటింటికీ తిరిగాం. పిల్లలు ఏ బడికి పోతున్నారు, ఎంత ఖర్చవుతున్నది, ఎందుకు పంపడం లేదు, ఈ మూడే అడిగాం. సగానికి పైగా ఇళ్ళ పిల్లలు పసుపు వ్యాన్లు ఎక్కి పోతున్నారు. ఇద్దరు పిల్లలున్న కొన్ని ఇళ్ళలో ఫీజు, వ్యాను, పుస్తకాలు, బట్టలు కలిపి ఏడాదికి 50 వేలు దాటుతున్నది. మనం అప్పుల లెక్క రాసేటప్పుడు విత్తనం రాస్తాం, ఎరువు రాస్తాం, మందులు రాస్తాం, కూళ్ళు రాస్తాం. బడి ఫీజు రాయం. అది ఇంటి ఖర్చు అనుకుంటాం. కానీ ఫీజు కట్టాల్సింది ఎప్పుడు? జూన్‌లో. విత్తనం వేసేది ఎప్పుడు? అదే జూన్‌లో. బ్యాంకులో పంట రుణం తెచ్చి ఫీజు కడుతున్నాం, ఎరువు మాత్రం దుకాణంలో ఉద్దెర తెస్తున్నాం. ఆ ఉద్దెరకు వడ్డీ వేసుకుని, పంట వాళ్ళకే వేయమంటే వేస్తున్నాం. అందుకే ఊరి బడి మూతపడటం రైతు అప్పుకు సంబంధించిన విషయం అంటున్నాను.

ఇది సగం సంగతి. రెండో సగం చెప్పడానికి నాకు నోరు రాదు, అయినా చెప్పాలి.

మా దగ్గర సీడు పత్తి ఎక్కువ. తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. సాయంత్రం ఆడ మొక్క మొగ్గలు గిల్లి లోపలి కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి పుప్పొడి రాయాలి. దీన్నే క్రాసింగ్ అంటాం. వానాకాలంలో రెండు మూడు నెలలు రోజూ చేయాల్సిందే. ఒక్కరోజు తప్పినా ఆ రోజు పూత పోయినట్టే. పిల్లల వేళ్ళు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు, కూలి తక్కువ. అట్లా పిల్లలు చేలల్లోకి వచ్చారు. మందు కొట్టిన చేలల్లోనే పొద్దంతా ఉంటారు. తలనొప్పి అంటే ఎండ అంటాం.

నేనూ ఆ పని చేశాను. ఇరవై ఏళ్ళ కింద మా పెద్దమ్మాయి నాలుగో తరగతి చదువుతుంటే రెండు నెలలు బడి మాన్పించి చేనుకు తీసుకుపోయాను. మన సొంత చేనే కదా, మన పిల్లే కదా అనుకున్నాను. మరుసటి ఏడు మళ్ళీ తీసుకుపోయాను. అయిదో తరగతి గట్టెక్కింది గానీ ఆరులో లెక్కలు అందక తానే మానేసింది. అప్పుడు నేను ‘దానికి చదువు అబ్బలేదు’ అన్నాను. పదేళ్ళు ఆ మాటే చెప్పుకుంటూ తిరిగాను.

పోయిన ఏడు జులైలో బడి ఆవరణలో తల్లిదండ్రుల మీటింగు పెట్టాం. క్రాసింగ్‌కు ఊళ్ళో ఏ పిల్లనూ తీసుకుపోవద్దని తీర్మానం పెడితే చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్ద రైతు లేచి, ‘‘కంపెనీ ఇచ్చే రేటుకు పెద్దల కూలి పెడితే నాకేం మిగుల్తది? మీరిస్తరా?’’ అని అడిగాడు. ఆయన అడిగింది అబద్ధం కాదు. అప్పుడు మా అమ్మాయి లేచింది. తనను ఊళ్ళోనే ఇచ్చాం, తన బిడ్డ రెండో తరగతి. ‘‘మా నాయన నన్ను తీసుకపోయిండు. నేను నా బిడ్డను తీసుకపోను’’ అని కూర్చుంది. నేను తల ఎత్తలేదు. ఆ తర్వాత చేతులు ఒక్కొక్కటే లేచాయి.

తీర్మానంతో అన్నీ మారిపోలేదు. ఆగస్టు చివర్లో ఒక వారం బడిలో మళ్ళీ పదిమంది తగ్గారు. అక్కలు సాయంత్రం ఆ ఇళ్ళకు పోయి కూర్చున్నారు. కొట్లాట పెట్టుకోలేదు, కూర్చున్నారంతే. రెండు ఇళ్ళు తప్ప మిగిలినవాళ్ళు తిరిగి పంపారు. ఆ రెండు ఇళ్ళలోనూ మగదిక్కు లేదు. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు మనసు ఒప్పలేదు. ఆ చేలకు మా గ్రామ శాఖ వాళ్ళం వంతులు వేసుకుని బదులు పనికి పోయాం.

ఇక బడిలో చేసిన పనులు. మొదటిది నీళ్ళు. మరుగుదొడ్డి ఉంది, నీళ్ళు లేవు. అందుకే ఆడపిల్లలు మధ్యాహ్నమే ఇంటికి పోయేవాళ్ళు. బడి పక్క చేను రైతు తన బోరు నుంచి పైపు వేసుకోమన్నాడు. పైపుకూ ట్యాంకుకూ చందాలు వేసుకున్నాం, గుంత మేమే తవ్వాం. రెండోది అన్నం. మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక బడి పిల్లకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు పెట్టాలని లెక్క ఉంది. బిల్లు ఆలస్యమైన నెలల్లో వంట చేసే అక్కలు కిరాణా కొట్లో తమ పేరు మీద ఉద్దెర పెట్టి వండుతున్నారు. చారు పలచబడింది అని వాళ్ళను తిట్టేవాళ్ళం, వాళ్ళ అప్పు చూడలేదు. ఇప్పుడు కూరగాయలు పండించే ఇళ్ళు వారానికి ఒకరు చొప్పున టమాటా, వంకాయ, ఆకుకూర ఇస్తున్నాయి. అయితే ఒకమాట. మనం కూరగాయలు ఇస్తున్నామని సర్కారు బిల్లు మరచిపోకూడదు. ఇచ్చేది ఇస్తూనే, రావాల్సింది అడగాలి.

మూడోది పంతులు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలని అందులో రాసి ఉంది. 60 దాటితే ముగ్గురు. 23 మంది ఉన్నా ఇద్దరు రావాల్సిందే. ఈ కాగితం పట్టుకుని మూడుసార్లు ఆఫీసుకు పోయాం. మొదటిసారి రేపు రమ్మన్నారు, రెండోసారి పిల్లలు పెరిగితే చూస్తామన్నారు. మూడోసారి నలభై మంది తల్లులు వచ్చారు. ఆ నెలలోనే వర్క్ అడ్జస్ట్‌మెంట్ కింద ఒక మేడం వచ్చారు. ఆ సర్దుబాటును పర్మనెంట్ పోస్టుగా మార్చమని ఇంకా అడుగుతూనే ఉన్నాం.

ఆ మేడం ఒక పని చేశారు. మార్కెట్లో వేరుశనగ అమ్మినప్పుడు ఇచ్చే తక్‌పట్టీలు ఇళ్ళ నుంచి తెమ్మని, నాలుగు, అయిదు తరగతుల పిల్లలకు వాటి మీదే కూడికలు, తీసివేతలు చెప్పారు. బస్తాలు ఎన్ని, తూకం ఎంత, హమాలీ ఎంత, చేతికి వచ్చింది ఎంత. మా వాడకట్టులో ఒక తాత, హమాలీ రెండుసార్లు కోశారని మనవరాలు చెప్తే పోయి అడిగి తెచ్చుకున్నాడు. డబ్బు చిన్నదే. కానీ అంతకుముందు ఎన్ని తక్‌పట్టీలు చూడకుండా జేబులో పెట్టుకున్నామో!

ఈ జూన్‌కు బడిలో 46 మంది ఉన్నారు. వ్యాను ఎక్కే పిల్లలు ఇంకా ఉన్నారు. ఎవరినీ బలవంతం చేయం. బడి బాగుంటే వాళ్ళే వస్తారు.

చివరగా సంఘానికి మూడు మాటలు.

ఒకటి, ప్రతి గ్రామ శాఖా తన ఊరి బడి కమిటీ సంగతి చూడాలి. చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే, మొత్తం మీద సగం ఆడవాళ్ళే ఉండాలి. మన తెలంగాణలో 2024లో వచ్చిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు గ్రామ సమాఖ్య అధ్యక్షురాలే అధ్యక్షురాలు. సంతకం పెట్టించుకుని పంపించే అధ్యక్షురాలు కాకుండా లెక్క అడిగే అధ్యక్షురాలు కావాలి. అక్కలకు మనం తోడుండాలి.

రెండు, సీడు పత్తి రేటు. పిల్లల్ని పనిలో పెట్టకూడదని కంపెనీ ఒప్పంద పత్రం మీద రాయిస్తుంది, ఆర్గనైజర్ సంతకం తీసుకుంటాడు. రేటు మాత్రం పిల్లల కూలికి సరిపడా ఇస్తారు. పెద్దవాళ్ళ కూలి లెక్కగట్టి సేకరణ ధర పెంచమని మన డిమాండ్ల పత్రంలో రాయాలి. అది లేకుండా రైతును దోషిని చేస్తే ఒప్పుకోము.

మూడు, మనల్ని మనం కూడా అడగాలి. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, 14 ఏళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టకూడదన్నారు. సొంత కుటుంబం పనిలో బడి వేళ తర్వాత, సెలవుల్లో సాయం చేయవచ్చని సందు ఉంచారు. ఆ సందులోనే రెండు నెలల క్రాసింగ్ దూరిపోతున్నది. బడి గంట కొట్టినప్పుడు పిల్ల బడిలో ఉండాలి, చేను మనదైనా సరే. ఈ ఒక్క నియమం సభ్యత్వ పుస్తకంలో చేర్చమని తీర్మానం పెడుతున్నాను.

మద్దతు ధర కోసం ఎంత దూరమైనా నడిచాం. మన ఊరి బడి మన ఇంటికి కిలోమీటరు కూడా ఉండదు. వచ్చే నెల ఒక్కసారి పోయి, పిల్లలు ఎంతమందో లెక్కబెట్టి రండి. వచ్చే మీటింగులో ఆ లెక్కతోనే మొదలుపెడదాం.