టాబ్లెట్‌ను కూడా మూడు పూటలు పితికి చూడాలి

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో గేదెను కొనటానికి వెళ్ళిన రైతు ఏం చేస్తాడో మీకు మేము చెప్పవలసిన పని లేదు. పొదుగు చూస్తాడు, పళ్ళు చూస్తాడు, ఎన్నో ఈతో అడుగుతాడు. అమ్మేవాడు "పూటకు ఆరు లీటర్లకు తగ్గదు" అన్నంత మాత్రాన సొమ్ము చేతిలో పెట్టడు. ఒక పూట పితకకుండా ఆపి, పొదుగు నిండుగా చూపించే మాయ మనకందరికీ తెలుసు. అందుకే వరుసగా మూడు పూటలు తన కళ్ళ ఎదుట పితికించి, కొలిపించి, ఆ తరువాతనే బేరం తెగగొడతాడు.

అదే రైతు సంఘం పాలకవర్గంలో కూర్చుని టాబ్లెట్ కంప్యూటరు కొనవలసి వచ్చేసరికి ఈ తెలివి అంతా ఇంటి దగ్గర వదిలి వస్తున్నాడు. అమ్మకందారు తెచ్చిన రంగుల కాగితం చూసి, ఫ్యాను కింద అరగంట ప్రదర్శన చూసి, తీర్మానం వ్రాసేస్తున్నాడు. ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. టాబ్లెట్‌ను అమ్మకందారు చూపించిన చోట చూడవద్దు. మన సేకరణ కేంద్రంలో, మన పాల వేళలో, మన సభ్యుల ఎదుట చూడండి.

ఎందుకింత పట్టుదల అంటారేమో. తూకపు కాటా, పాల పరీక్షా యంత్రం, చీటీ ముద్రించే యంత్రం ఈ మూడింటి లెక్కనూ కలిపేది టాబ్లెట్. కార్యదర్శి చేతి పుస్తకంలో తప్పు పడితే కొట్టివేత కనిపిస్తుంది, అడిగేవారు అడుగుతారు. యంత్రంలో తప్పు పడితే అదే తప్పు ప్రతి సభ్యునికీ, ప్రతి పూటా, చప్పుడు లేకుండా పడుతుంది.

మేము చూచిన ఒక సంఘం

ఊరి పేరుతో పని లేదు. ఒక సంఘం వారు చలికాలంలో టాబ్లెట్ కొన్నారు. నాలుగు నెలలు బాగానే పనిచేసింది. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం, రేకుల షెడ్డు కింద, యంత్రం వేడెక్కిందని తెరమీద చూపి ఆగిపోయింది. వరుసలో జనం, క్యాన్లలో పాలు. ఆ పూట లెక్క చిత్తు కాగితాల మీద వ్రాసుకున్నారు. తరువాత చూస్తే ఇంకొక ఇబ్బంది బయటపడింది. యంత్రం ఖాతా అంతకుముందు పనిచేసిన కార్యదర్శి సొంత ఫోను నంబరు మీద ఉన్నది. ఆయన పని మానుకొని వేరే ఊరు వెళ్ళారు. పాస్‌వర్డు ఎవరికీ తెలియదు. పాత లెక్కలు తెరుచుకోలేదు. రెండు పదిరోజుల బిల్లులు ఆలస్యమైనవి. ఆ డబ్బుతో పత్తిచెక్క తెచ్చుకోవలసిన వారు అప్పుకు తెచ్చుకున్నారు. యంత్రం చెడ్డదని గాని, కార్యదర్శి చెడ్డవాడని గాని మేము అనటం లేదు. కొనేముందు అడగవలసిన రెండు ప్రశ్నలు ఎవరూ అడగలేదు, అంతే.

పెద్ద కొనుగోళ్ళు నేర్పిన పాఠం

ఈ పొరపాటు పల్లెటూరి సంఘాలకే పరిమితం కాదు. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం "ఆకాశ్" అనే చవక టాబ్లెట్‌ను ఢిల్లీలో విడుదల చేసింది. దానిని మన హైదరాబాదులోనే కూర్చారు. తెర 7 అంగుళాలు, మెమరీ 256 మెగాబైట్లు, బ్యాటరీ 2,100 మిల్లీ ఆంపియర్ అవర్. ధర తక్కువన్న మాట నిజమే. కాని తెర గట్టిగా నొక్కితే గాని పలికేది కాదు, పని నెమ్మది, బ్యాటరీ కొద్ది గంటలకే దిగిపోయేది. అంతకంటే ముఖ్యమైన చిక్కు పరీక్ష దగ్గర వచ్చింది. కొనుగోలు చూసిన రాజస్థాన్ ఐ.ఐ.టి. వారు వానకు, దెబ్బలకు తట్టుకునే కఠిన పరీక్షలు కావాలన్నారు. సరఫరాదారు అవి సైన్యం వాడే సామానుకు పెట్టే పరీక్షలని అన్నాడు. తగవు ముదిరి, 2012లో ఆ పని బొంబాయి ఐ.ఐ.టి.కి మారింది. మెరుగుపరచిన రెండవ ఆకాశ్ 2012 నవంబరు 11న వచ్చింది. ఏ పరీక్షకు నిలిస్తే సరుకు తీసుకుంటామో ఆర్డరుకు ముందే ఇరువురూ ఒప్పుకొని వ్రాసుకోవాలన్నది ఇందులోని పాఠం.

రెండవది మన ఇంటి ముంగిటి సంగతి. 2022 డిసెంబరు 21న, మునుపు గుంటూరు జిల్లాలో ఉండి ఇప్పుడు బాపట్ల జిల్లాలో చేరిన యడ్లపల్లి ఉన్నత పాఠశాలలో, రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు టాబ్లెట్లు ఇవ్వటం మొదలుపెట్టింది. ఉపాధ్యాయులతో కలిపి రాష్ట్రమంతటా 5 లక్షలకు పైగా పంచారు. మీలో కొందరి ఇళ్ళలో అవి ఉండే ఉంటవి. ఇంటర్నెట్టు లేకున్నా చదువుకొనేటట్లు పాఠాలను ముందే లోపల నింపి ఇచ్చారు. పల్లెకు అది తెలివైన ఏర్పాటు. మనం కూడా అదే కోరాలి. అయితే ఆ పాఠాలు తయారుచేసిన బెంగుళూరు కంపెనీ మీద 2024 జులైలో దివాలా చర్యలు మొదలైనవి. టాబ్లెట్ చేసింది ఒకరు, లోపలి సరుకు చేసింది మరొకరు. సంఘం కొనేదీ అంతే. పలక ఒకరిది, లెక్కల సాఫ్ట్‌వేరు వేరొకరిది. రెండవవారు దుకాణం కట్టేస్తే మన లెక్కల గతి ఏమిటో కొనేముందే అడగాలి.

మొదటి పూట: తెర, తడి, దుమ్ము, వేడి

ఇక పరీక్షకు వద్దాం. అమ్మకందారును తెల్లవారుజామున, సేకరణ మొదలయ్యే వేళకు రమ్మనండి. పాలు తగిలిన తడి చేతితో తెర మీద అంకెలు వేయించండి. నేటి టాబ్లెట్ల తెరలు తడి వ్రేలికి సరిగా పలకవు. ఒక అంకె నొక్కితే ఇంకొకటి పడవచ్చు. సభ్యుని నంబరు 17కు బదులు 71 పడితే ఒకరి పాలు ఇంకొకరి ఖాతాలోకి పోతవి. నంబరుతో పాటు సభ్యుని పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో కనబడాలి.

తరువాత ఎండ పడేచోట నిలబెట్టి తెర చదవండి. కళ్ళజోడు లేని పెద్దవారి చేత చదివించండి.

దుమ్ము సంగతి మన ప్రాంతానికి మరీ ముఖ్యం. పత్తి తీసే రోజులలో నూగు, మిరప కల్లాల రోజులలో ఘాటు దుమ్ము ఎక్కడ దూరవు? యంత్రం మీద "ఐ.పి. 65" వంటి గుర్తు ఉన్నదేమో చూడండి. మొదటి అంకె 6 అంటే దుమ్ము చొరబడదని, రెండవ అంకె 5 అంటే చిమ్మిన నీటికి తట్టుకుంటుందని అర్థం. ఆ గుర్తు లేకపోతే కనీసం మూసి ఉండే తొడుగు అడగండి.

వేడి మాట. పేరున్న తయారీ సంస్థలే తమ టాబ్లెట్లను 35 డిగ్రీల సెల్సియస్ వరకు వాడమని పుస్తకాలలో వ్రాస్తున్నవి. మన రెంటచింతల ఎండలు 45 దాటటం కొత్త కాదు. కాబట్టి వేసవిలో సాయంత్రం 4 గంటలకు మన షెడ్డులోనే చూడాలి. చలికాలంలో కొనవలసి వస్తే, వేసవిలో వేడికి ఆగిపోతే మార్చి ఇస్తామని బిల్లు మీద వ్రాయించుకోవాలి.

రెండవ పూట: తీగలు, కరెంటు, ఇంటర్నెట్టు

మన పాత కాటాలకు, పరీక్షా యంత్రాలకు ఉండే సీరియల్ తీగ టాబ్లెట్‌లో నేరుగా దూరదు. మధ్యలో ఒక మార్పిడి తీగ గాని, బ్లూటూత్ పెట్టె గాని కావాలి. చాలా టాబ్లెట్లకు ఉండేది ఒకే రంధ్రం. అందులో కాటా తీగ పెడితే ఛార్జింగు పెట్టటానికి చోటుండదు. ఈ చిన్న సంగతి కొన్న తరువాత తెలిస్తే లాభం లేదు. మీ కాటా, మీ పరీక్షా యంత్రం, మీ చీటీల యంత్రం మూడింటినీ తగిలించి ఒక పూట పూర్తిగా నడిపించండి. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండటం ఎప్పటి మాదిరే తప్పనిసరి. టాబ్లెట్ వచ్చినంత మాత్రాన ఆ బాధ్యత పోదు.

సేకరణ సగంలో ఉండగా కరెంటు తీసివేయండి. ఇంటర్నెట్టు ఆపండి. అయినా చీటీ రావాలి, లెక్క నిలవాలి. యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్ళీ తెరవండి. అప్పటికి పోసిన ప్రతి సభ్యుని లెక్కా అక్కడే ఉండాలి. ఒక్కటి పోయినా కొనవద్దు.

మూడవ పూట: లెక్క

ఇది అన్నింటికంటే ముఖ్యం. చేతి పుస్తకం, యంత్రం పక్కపక్కన పెట్టుకొని రెండింటిలోనూ వ్రాయండి.

మొదట లీటరా, కిలోనా అని అడగండి. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతవి. అంటే 100 కిలోల పాలు 97 లీటర్లే. కాటా కిలోలు చెబుతుంటే యంత్రం లీటర్లనుకుంటే నూటికి మూడు లీటర్లు సంఘానికి నష్టం. కాటా లీటర్లకు మార్చి చెప్పిన తరువాత యంత్రం మళ్ళీ మార్చితే ఆ నష్టం సభ్యునిది.

తరువాత వెన్న శాతంలో చుక్క తరువాతి అంకెలు. పరీక్షా యంత్రం 6.48 చూపితే టాబ్లెట్ 6.4గా తీసుకుంటున్నదా, 6.5గానా, 6.48గానే ఉంచుతున్నదా? పూటకు 8 లీటర్లు పోసే సభ్యురాలిని తీసుకుందాం. పాల బరువు 8.24 కిలోలు. 6.48ని 6.4 చేస్తే పోయే వెన్న సుమారు ఆరున్నర గ్రాములు. లెక్క కోసం కిలో వెన్నకు 800 రూపాయలనుకుంటే ఆ పూట పోయింది అయిదు రూపాయల పైచిలుకు. ప్రతి పూటా ఇంత పోదు. ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. కాని కోత ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది. సంవత్సరం తిరిగేసరికి అది ఎన్ని దాణా బస్తాల ఖరీదో మీరే లెక్క వేసుకోండి.

లాక్టోమీటరు చూసి వెన్నేతర ఘనపదార్థాలు లెక్కగట్టే చోట, సూత్రం చివర కలిపే అంకెను కూడా చూడాలి. మీ యూనియన్ వాడే అంకె 0.29 అయి, యంత్రంలో 0.36 వేసి ఉంటే ప్రతి శాంపిలుకు 0.07 తేడా వస్తుంది. సంఘం లెక్క ఒకటి, యూనియన్ లెక్క ఒకటి అవుతుంది. ధరల పట్టిక మార్చే తాళం ఎవరి చేతిలో ఉన్నది, మార్చినప్పుడు తేదీతో సహా నమోదవుతున్నదా అన్నది కూడా అప్పుడే చూడండి.

కాగితం మీద ఉండవలసినవి

మూడు పూటలూ నెగ్గిన తరువాతనే బేరం. కనీసం ముగ్గురి దగ్గర ధరలు తెప్పించండి. పలక ధర ఒక్కటే కాదు. తీగలు, తొడుగు, సాఫ్ట్‌వేరు సంవత్సరపు రుసుము, మరమ్మతు అన్నీ కలిపి అయిదు సంవత్సరాలకు ఎంతవుతుందో వేసి పోల్చండి. మరమ్మతు గుంటూరులోనా, ఒంగోలులోనా, లేక చెన్నై పంపాలా? పంపిన రోజులలో బదులు యంత్రం ఇస్తారా? సంఘం పేరున జి.ఎస్.టి. బిల్లు, తేదీ వేసిన హామీ పత్రం తీసుకోండి. తగాదా వస్తే వినియోగదారుల సహాయ నంబరు 1915 ఉన్నది.

ఖాతా సంఘం పేరున, సంఘం నంబరు మీద ఉండాలి. పాస్‌వర్డు సీలు వేసిన కవరులో అధ్యక్షుల బీరువాలో ఉండాలి. లెక్కలు సంఘం ఆస్తి; అడిగిన నాడు మామూలు పట్టికగా బయటకు తీసి ఇవ్వాలని ఒప్పందంలో వ్రాయించండి. ఎన్.డి.డి.బి. వారు రూపొందించిన పాల సేకరణ సాఫ్ట్‌వేరు ఆండ్రాయిడ్ యంత్రాల మీద కూడా నడుస్తున్నది. ఏది మీ యూనియన్ లెక్కలతో కలుస్తుందో యూనియన్ కార్యాలయంలో అడిగి గాని తీర్మానం చేయవద్దు.

ఇంకొక మాట నిర్మొహమాటంగా చెబుతాము. ఇప్పుడున్న సేకరణ యంత్రం సరిగా పనిచేస్తూ, చీటీ ఇస్తూ, బిల్లు వేళకు వస్తుంటే, పక్క ఊరి సంఘం కొన్నదని మాత్రం మీరు కొనవద్దు. ఆ సొమ్ముతో ఒక ఇన్వర్టరు పెట్టుకున్నా, కాటా బాగుచేయించుకున్నా సభ్యులకు ఎక్కువ మేలు.

సభ్యులారా, అధ్యక్షులకూ కార్యదర్శులకూ చెప్పినది మీకు కూడా చెబుతున్నాము. కొత్త యంత్రం వచ్చిన మొదటి పదిరోజులు మీ చీటీలు పారవేయకండి. ఇంట్లో బడికి పోయే పిల్లవాని చేత కూడించి బిల్లుతో పోల్చుకోండి. తేడా ఉంటే మొగమాటపడక అడగండి. అడిగితే కోప్పడే సంఘం మనది కాదు. ఇంటి గేదె విషయంలో మూడు పూటలు ఆగిన మనం, ఊరందరి గేదెల పాలు లెక్కగట్టే యంత్రం విషయంలో ఆగలేమా?